విలియం రాక్స్‌బర్గ్

విలియం రాక్స్‌బర్గ్ (1751 - 1815) స్కాట్లాండుకు చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో భారతదేశానికి వచ్చి, తన ఉద్యోగ జీవితంలో పన్నెండేళ్ళు తెలుగునాట సామర్లకోటలోను, ఆపైన ఇరవై ఏళ్ళు కలకత్తాలోను గడిపాడు. ఈయనను భారతీయ వృక్షశాస్త్ర పితామహునిగా పేర్కొంటారు. ఉత్తర సర్కారుల మొక్కలను వాటి తెలుగు పేర్లతో సహా శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు ఈయనే. కోరమాండల్ తీరపు మొక్కల మీద వెలువడిన మూడు సంపుటాల చిత్రగ్రంథము, ఫ్లోరా ఇండికా అనే వర్ణన గ్రంథము ఈయన ప్రధాన రచనలు. పండ్ల చెట్లలోను, తీగజాతి పంటలలోను ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉండటం వలన సాగుదారుకు కలిగే చిక్కును ఈ దేశంలో ఒక పెద్ద తోట పెంచి, లెక్కలతో సహా గమనించిన తొలితరం వారిలో ఈయన ఒకడు.

బాల్యము, విద్య

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో క్రెయిగీ గ్రామానికి సమీపాన ఉన్న అండర్‌వుడ్ అనే చోట జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివాడు. ఆ రోజులలో మందులన్నీ దాదాపు మొక్కల నుండి వచ్చేవే కావటం వలన వైద్య విద్యార్థులు వృక్షశాస్త్రం కూడా చదవవలసి ఉండేది. అక్కడ వృక్షశాస్త్ర ఆచార్యుడు జాన్ హోప్. బ్రిటనులో లిన్నేయస్ పద్ధతిని మొదటగా బోధించినవారిలో హోప్ ఒకడు.

లిన్నేయస్ పద్ధతి పూర్తిగా పువ్వులోని లింగ భాగాల మీద ఆధారపడినది. కేసరాలు ఎన్ని, అండకోశాలు ఎన్ని, అవి ఒకే పువ్వులో ఉన్నాయా, ఒకే మొక్క మీద వేరువేరు పువ్వులలో ఉన్నాయా, లేక వేరువేరు మొక్కల మీద ఉన్నాయా అన్న ప్రశ్నలకు సమాధానాలను బట్టి మొక్కను ఇరవైనాలుగు తరగతులలో ఒకదానిలో చేరుస్తారు. మొక్కలలో లింగ భేదాన్ని జర్మనీకి చెందిన కామెరారియస్ 1694లోనే ప్రయోగపూర్వకంగా చూపించినా, దానిని వర్గీకరణకు పునాదిగా చేసినవాడు లిన్నేయస్. ఈ శిక్షణ పొందినవాడికి కొత్త మొక్క కనబడగానే పువ్వును విప్పి చూడటం అలవాటుగా మారుతుంది. రాక్స్‌బర్గ్ తరువాతి కాలంలో చేసిన పనికి మూలం ఈ అలవాటులోనే ఉంది.

కోరమాండల్ తీరానికి రాక

చదువు పూర్తయ్యే లోపే కంపెనీ ఓడలలో వైద్య సహాయకునిగా సముద్రయానం చేసి, 1776లో మద్రాసు వైద్యశాఖలో సహాయ శస్త్రవైద్యునిగా చేరాడు. 1780లో పూర్తి స్థాయి శస్త్రవైద్యుడయ్యాడు. మద్రాసులో ఉన్నపుడే ప్రతిదినం ఉష్ణోగ్రత, వాయుపీడనం, వాన వివరాలను నమోదు చేసేవాడు. ఆ దినచర్య లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఈ దేశపు వాతావరణానికి సంబంధించి దొరికే పాత లెక్కలలో ఇది ఒకటి. కరవు ఎందుకు వస్తుంది, ఎన్నేళ్ళకు ఒకసారి వస్తుంది అన్న ఆలోచన ఈయనను జీవితాంతం వదలలేదు.

అప్పటికే ఈ తీరంలో జోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే పరిశోధకుడు మొక్కలు సేకరిస్తూ ఉండేవాడు. ఇతడు స్వయంగా లిన్నేయస్ శిష్యుడు. రాక్స్‌బర్గ్‌కు ఇతనితో స్నేహం కలిగింది. కోనిగ్ 1785లో కాకినాడలోని జగన్నాథపురంలో మరణించాడు. ఆ స్థానంలో పాట్రిక్ రస్సెల్ నియమితుడయ్యాడు. రస్సెల్ పేరు నేడు ఎక్కువగా పాముల మీద వ్రాసిన గ్రంథం వలన, రక్తపింజరికి ఉన్న ఆంగ్ల నామం వలన తెలుసు. రస్సెల్ 1789లో స్వదేశానికి వెళ్ళిపోయాక ఆ పని రాక్స్‌బర్గ్‌కు దక్కింది.

సామర్లకోట

1781లో రాక్స్‌బర్గ్ సామర్లకోట కోటలోని సైనిక పటాలానికి వైద్యునిగా వచ్చాడు. అప్పటికి ఉత్తర సర్కారులు కంపెనీ ఏలుబడిలోకి వచ్చి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. పాలనా వ్యవహారాలు మచిలీపట్నంలోని అధికారుల మండలి చేతిలో ఉండేవి. కోటలో వైద్యునికి పని తక్కువగాను, తీరిక ఎక్కువగాను ఉండేది. ఒక వైపు గోదావరి డెల్టా, మరొక వైపు ఒక రోజు ప్రయాణ దూరంలో వానలు బాగా కురిసే కొండలు ఉండటం మొక్కల పరిశోధకునికి పెద్ద వరం.

ఇక్కడ ఈయన ఒక తోట నెలకొల్పాడు. కాఫీ, దాల్చిన, జాజి, జాఫ్రా, మల్బరీ, సీమపనస వంటి మొక్కలను తెప్పించి పెంచటానికి ప్రయత్నించాడు. వీటిలో కొన్ని బ్రతికాయి, చాలావరకు ఎండకు చచ్చిపోయాయి. రాజమండ్రి ప్రాంతంలో రైతులు చెరకు సాగు చేసి బెల్లం, పంచదార తయారుచేసే పద్ధతిని స్వయంగా పరిశీలించి విపులంగా వ్రాశాడు. స్థానిక పద్ధతి మొరటుదని కొట్టిపారవేయక, ఖర్చులు, దిగుబడులు లెక్కగట్టి వివరించటం ఆ వ్యాసంలో మెచ్చదగిన విషయం.

1787 మే నెలలో కోరంగి తీరాన్ని పెద్ద ఉప్పెన ముంచివేసింది. సుమారు ఇరవై వేలమంది మరణించారని చెబుతారు. 1864లో మచిలీపట్నాన్ని, 1977లో దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనల కోవలోనిదే ఇది. ఈ ఉప్పెనలో రాక్స్‌బర్గ్ అంతవరకు కూడబెట్టిన కాగితాలు, పుస్తకాలు, ఎండబెట్టిన మొక్కల నమూనాలు చాలావరకు కొట్టుకుపోయాయి. ఈయన తన పనిని దాదాపు మొదటినుండి తిరిగి ప్రారంభించవలసి వచ్చింది. నేడు మనకు లభించే ఈయన తెలుగునాటి వర్ణనలలో అధిక భాగం ఆ తరువాతి ఆరేళ్ళలో వ్రాసినవే.

కొండ మిరియపు తీగ

ఆ కాలంలో మిరియాల వ్యాపారం కంపెనీకి ప్రాణప్రదమైనది. మిరియాలు పండేది ప్రధానంగా మలబారు తీరంలో. ఆ తీరంలో అధిక భాగం 1792 వరకు మైసూరు సుల్తానుల అధీనంలో ఉంది. కావున తమ ఏలుబడిలోని భూమిలో మిరియాలు పండించగలిగితే కంపెనీకి ఎంతో లాభం. ఈ పరిస్థితులలో రాక్స్‌బర్గ్ సామర్లకోటకు ఉత్తరాన ఉన్న కొండలలో మిరియపు తీగ అడవి మొక్కగా పెరుగుతున్నట్లు కనుగొన్నాడు. కొండ లోయలలో, చెట్ల నీడన, తేమగల సారవంతమైన నేలలో ఇది విస్తారంగా ఉండేది. అక్కడివారు దీనిని మిరియాల తీగ అనే పిలుస్తారని ఈయన నమోదు చేశాడు. సెప్టెంబరు, అక్టోబరులలో పూసి, మార్చిలో కాయలు పండుతాయని గమనించాడు.

దీని ఆధారంగా ఒక పెద్ద తోట వేశాడు. 1789 నాటికి సుమారు 50 ఎకరాలలో 40 వేల నుండి 50 వేల వరకు తీగలు ఉండేవి. వేయి తీగలకు 500 నుండి 1000 పౌండ్ల దిగుబడి లభించింది. అనగా తీగకు అరపౌను నుండి ఒక పౌను వరకు. కాగితం మీద ఇది మంచి ఫలితమే. అయితే తోట కాపుకు వచ్చాక ఒక చిక్కు బయటపడింది. కొన్ని తీగలు విరగకాసినట్లు కనబడినా కాయలు పండకముందే, పచ్చిగా ఉండగానే రాలిపోయేవి. వాటిని ఎండబెడితే మిరియానికి ఉండవలసిన ఘాటు రాలేదు. పక్కనే ఉన్న మరికొన్ని తీగల కాయలు మాత్రం నిండుగా పండి, వర్తకులు మలబారు మేలురకంతో సమానంగా ఎంచేటంత ఘాటుగా ఉండేవి.

నేల ఒకటే, నీరు ఒకటే, నాటిన చేయి ఒకటే. మరి తేడా ఎక్కడ ఉంది? రాక్స్‌బర్గ్ పూల కంకులను విప్పి చూశాడు. మిరియపు పువ్వు ఆవగింజ కన్నా చిన్నది. రేకులు ఉండవు. సన్నని కంకి మీద ఇటువంటి పూలు పదుల సంఖ్యలో ఒత్తుగా ఉంటాయి. భూతద్దం లేకుండా వాటి లింగం తెలుసుకోవటం కష్టం. ఇలా చూడగా ఆ తీగలు మూడు రకాలని తేలింది. కొన్ని తీగల మీద మగ పూలు మాత్రమే ఉన్నాయి. కొన్నిటి మీద ఆడ పూలు మాత్రమే ఉన్నాయి. మిగిలినవాటి కంకుల మీద ద్విలింగ పుష్పాలు, ఆడ పూలు కలిసి ఉన్నాయి. పచ్చిగా రాలిపోతున్నది ఆడ తీగల కాపు. ఘాటుగా పండుతున్నది ద్విలింగ పుష్పాలు కలిసిన తీగల కాపు. ఈ మూడు విధాల తీగలు కలిగి ఉండటం చేతనే ఈయన ఆ మొక్కకు పైపర్ ట్రయోయికమ్ అని పేరు పెట్టాడు. ట్రయోయికమ్ అనగా మూడు ఇండ్లు కలది అని అర్థం. తరువాతి వృక్షశాస్త్రజ్ఞులలో కొందరు దీనిని మామూలు మిరియపు తీగలో ఒక భేదంగా కలిపారు, కొందరు వేరు జాతిగానే ఉంచారు.

నేటి జ్ఞానంతో ఈ సంగతిని మరికొంత వివరంగా అర్థం చేసుకోవచ్చు. మిరియపు పూల పరాగ సంపర్కానికి వాన చినుకులు, మంచు బిందువులు తోడ్పడతాయి. వేలాడే కంకి మీద పైనుండి క్రిందికి జారే నీటితో పుప్పొడి క్రింది పూలకు చేరుతుంది. ద్విలింగ పుష్పాలు గల కంకిలో పుప్పొడి అక్కడే ఉంటుంది కనుక కాయ నిలుస్తుంది. కేవలం ఆడ పూలున్న తీగకు పక్కన మగ తీగ లేకపోతే పుప్పొడి అందదు, గింజ ఏర్పడదు. గింజ లేని కాయ రాలిపోతుంది. అడవిలోని మిరియపు తీగలలో అధిక భాగం ఇలా ఆడ, మగగా విడివడి ఉంటాయి. సాగులో ఉన్న రకాలలో మాత్రం ద్విలింగ పుష్పాలే ఎక్కువ. వేల ఏళ్ళుగా మలబారు రైతులు బాగా కాసే తీగ నుండి మాత్రమే కొమ్మలు కత్తిరించి నాటుతూ రావటం దీనికి కారణం. కొమ్మ ముక్క తల్లి తీగ లింగాన్నే నిలుపుకుంటుంది. గింజ నుండి వచ్చిన మొక్కకు ఆ హామీ లేదు. అడవి నుండి తెచ్చిన తీగలతో వేసిన తోటలో ఏ తీగ ఏదో పూత వచ్చేవరకు తెలియదు. పూత రావటానికి రెండు మూడేళ్ళు పడుతుంది. యాభై ఎకరాల తోటలో ఆ రెండు మూడేళ్ళ నీరు, ఎరువు, కూలి పనికిరాని తీగలకు కూడా సమానంగానే పెట్టాలి.

సామర్లకోట మిరియం మలబారు వ్యాపారాన్ని దెబ్బతీసే స్థితికి ఎన్నడూ రాలేదు. 1792లో మలబారు కంపెనీ వశమయ్యాక ఆ అవసరమూ తీరిపోయింది. కాని ఇదే చిక్కు వేరొక రూపంలో కేరళలోని పన్నియూరు పరిశోధనా కేంద్రంలో మేలుగా పరిణమించింది. భారతదేశపు తొలి సంకర మిరియపు రకమైన పన్నియూరు-1కు తల్లి ఉతిరన్‌కొట్ట అనే రకం. దానిలో ఆడ పూలు చాలా ఎక్కువ కావటం వలన దిగుబడి తక్కువ. తోటలో పనికిరాని ఆ గుణమే సంకరణం చేసేవారికి అనుకూలించింది. నేడు రాక్స్‌బర్గ్ తిరిగిన తూర్పు కనుమలలోనే, చింతపల్లి, అరకు ప్రాంతాల కాఫీ తోటలలో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగలు ప్రాకించి పండిస్తున్నారు.

పోతుతాడి, పెంటితాడి

కృష్ణా, గోదావరి డెల్టాలలో ఎవరికీ చెప్పనవసరం లేని ఉదాహరణ తాటిచెట్టు. మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతాలలో చేల గట్ల మీద, కాలువల ఒడ్డున వరుసలుగా కనిపించే తాళ్ళలో ముంజలు, పండ్లు ఇచ్చేవి కొన్నే. తెలుగువారు వీటిని పెంటితాడి అని, గెలలు మాత్రమే వేసి కాయనివాటిని పోతుతాడి అని అంటారు. పాశ్చాత్య శాస్త్రం పదిహేడవ శతాబ్దం చివరలో నిరూపించిన విషయం ఈ రెండు మాటలలో అంతకు ముందే ఇమిడి ఉంది. రాక్స్‌బర్గ్ తన కోరమాండల్ గ్రంథంలో తాటిచెట్టును చిత్రాలతో సహా వివరించాడు.

తాటిచెట్టు మొదటిసారి పూయటానికి సాధారణంగా పన్నెండు నుండి ఇరవై ఏళ్ళు పడుతుంది. తేగగా ఉన్నపుడు గాని, గొజ్జుతాడిగా ఎదుగుతున్నపుడు గాని అది పోతో పెంటో చెప్పగల నమ్మదగిన బాహ్య లక్షణం ఏదీ లేదు. నాటినవాడి కొడుకు పెద్దవాడయ్యాక గాని చెట్టు సంగతి తెలియదు. కల్లు గీతకు రెండు రకాలూ పనికివస్తాయి కనుక తాటి విషయంలో నష్టం కొంత తక్కువ. కాయ కోసమే పెంచే చెట్లలో ఆ వెసులుబాటు లేదు.

తాటిచెట్టు పట్ల రాక్స్‌బర్గ్‌కు ఉన్న ఆసక్తికి కారణం కరవు. 1789 నుండి 1792 వరకు ఉత్తర సర్కారులలో వరుసగా వానలు తప్పి ఘోరమైన కరవు వచ్చింది. లెక్కకు అందనంతమంది మరణించారు. సామర్లకోటలో ఉండి ఇదంతా చూసిన రాక్స్‌బర్గ్ పాత కరవుల గురించి స్థానికుల వద్ద ఉన్న జ్ఞాపకాలను సేకరించాడు. వరి మీద మాత్రమే ఆధారపడిన ప్రాంతంలో వాన తప్పితే తిండి ఉండదని, కనుక వానలేని ఏడాదిలో కూడా ఎంతో కొంత తిండి ఇచ్చే చెట్లను, అనగా కొబ్బరి, తాడి, ఈత, పనస, సీమపనస, అరటి వంటివాటిని కాలువ గట్ల మీద, ఊళ్ళ చుట్టూ విరివిగా నాటించాలని కంపెనీ అధికారులకు వ్రాశాడు. ఈ సూచనను ఆనాటి పాలకులు ఆదరించిన దాఖలా పెద్దగా కనబడదు. శిస్తు రాని చెట్టు మీద కంపెనీకి ఆసక్తి ఉండేది కాదు.

కోరంగి వైపు సముద్రతీరానికి దగ్గరలో ఉండే ఇసుక మెరకలలో పెరిగే చిట్టి ఈతను కూడా ఈయన ఈ సందర్భంలోనే వర్ణించాడు. గజమైనా ఎత్తు లేని ఈ మొక్క మొదలులోని పిండి పదార్థాన్ని కరవు రోజులలో పేదలు తిని ప్రాణం నిలుపుకునేవారని వ్రాశాడు. ఈతలో కూడా ఆడ, మగ చెట్లు వేరు. అయితే మొదలును నరికి తినే రోజున దాని లింగంతో పని లేదు.

చిరివేరు, మచిలీపట్నం

మచిలీపట్నం కలంకారీ అద్దకంలో ఎరుపు రంగుకు చిరివేరు ప్రధానమైనది. కృష్ణా ముఖద్వారం చుట్టూ ఉన్న ఇసుక నేలలలో దొరికే వేరు శ్రేష్ఠమైనదని పదిహేడవ శతాబ్దంలో వచ్చిన ఐరోపా వర్తకులు కూడా వ్రాశారు. రాక్స్‌బర్గ్ తన కోరమాండల్ గ్రంథం మొదటి సంపుటంలో తొలి చిత్రాలలోనే ఈ చిన్న మొక్కకు చోటు కల్పించి, వేరు సేకరణను, అద్దకంలో దానిని వాడే పద్ధతిని తెలిపాడు. అద్దకపువారి వృత్తి రహస్యాలు ఇలా అచ్చులోకి ఎక్కటం వారికి మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది వేరే చర్చ.

చిత్రకారులు

సామర్లకోటలో రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించాడు. మొక్క నిలువెత్తు రూపం, పూల భాగాలు విడివిడిగా, కాయను కోసి చూపిన తీరు ఒకే కాగితం మీద ఉండేవి. ఆడ, మగ పూలు వేరుగా ఉన్న మొక్కలలో రెండింటినీ చిత్రించటం ఆనవాయితీ. కలకత్తాలో కూడా ఈ పని కొనసాగి మొత్తం రెండున్నర వేలకు పైగా చిత్రాలు తయారయ్యాయి. వీటి ప్రతులు లండనులోని క్యూ ఉద్యానవనంలోను, కలకత్తాలోను భద్రపరచబడి ఉన్నాయి. సామర్లకోట నుండి లండనుకు పంపిన సుమారు 500 చిత్రాల నుండి జోసెఫ్ బ్యాంక్స్ ఆధ్వర్యంలో 300 ఎంపికచేసి 1795 - 1820 మధ్య మూడు సంపుటాలుగా అచ్చువేశారు. వాటిని గీసినవారి పేర్లు ఆ సంపుటాలలో లేవు. ఒక్కొక్క చిత్రాన్ని చూసిన తరువాత ఇది చిన్న లోపంగా తోచదు.

కలకత్తా

కలకత్తా సమీపంలోని శిబ్‌పూర్‌లో కంపెనీ ఉద్యానవనాన్ని స్థాపించిన రాబర్ట్ కిడ్ 1793లో మరణించగా, రాక్స్‌బర్గ్ అక్కడ పర్యవేక్షకునిగా నియమితుడయ్యాడు. సామర్లకోట తోటను బెంజమిన్ హేన్‌కు అప్పగించి వెళ్ళాడు. కలకత్తాలో ఇరవై ఏళ్ళు పనిచేసి ఆ తోటను ఆసియాలోని గొప్ప ఉద్యానవనాలలో ఒకటిగా తీర్చిదిద్దాడు. ఈయన తోటలో ఉన్న మొక్కల పట్టికను మిత్రుడు విలియం కేరీ 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చువేశాడు. దానిలో సుమారు 3,500 మొక్కలు ఉన్నాయి. ఆ తోట 2009 నుండి ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరుతో వ్యవహరించబడుతోంది.

కలకత్తాలో ఈయనకు ఎదురైన మరొక ఏకలింగాశ్రయి జాజి. జాజికాయ, జాపత్రి డచ్చివారి గుత్తాధిపత్యంలో ఉండేవి. 1796లో మొలక్కా దీవులు ఆంగ్లేయుల వశం కాగానే క్రిస్టఫర్ స్మిత్ అనే సేకర్తను అక్కడికి పంపి వేలకొలది మొక్కలను తెప్పించారు. రాక్స్‌బర్గ్ కుమారుడు కూడా 1803లో సుమత్రాలోని బెంకూలెన్‌కు పెద్ద సంఖ్యలో జాజి మొక్కలను చేర్చాడు. జాజి పూయటానికి ఆరు నుండి ఎనిమిది ఏళ్ళు పడుతుంది. గింజ నుండి పెంచిన మొక్కలలో దాదాపు సగం మగవి. పది చెట్లకు ఒక మగ చెట్టు చాలు. మిగిలినవాటిని నరికివేయక తప్పదు. మహాసముద్రం దాటించి, నీడ కట్టి, ఎనిమిదేళ్ళు సాకిన చెట్టును నరకవలసి రావటం ఆనాటి జాజి తోటల యజమానులందరికీ అనుభవమే. నేడు కేరళలో ఆడ చెట్టు మొగ్గను అంటుకట్టి ఈ నష్టాన్ని తప్పించుకుంటున్నారు.

డయోయికా అను పేరు

ఆడ, మగ మొక్కలు వేరుగా ఉండటాన్నే పేరుగా నిలిపి రాక్స్‌బర్గ్ రెండు కూరగాయలకు శాస్త్రీయ నామాలు పెట్టాడు. ఒకటి మొమోర్డికా డయోయికా, అనగా మన ఆగాకర. రెండవది ట్రైకోసాంథిస్ డయోయికా, అనగా ఉత్తరాదివారి పర్వల్. డయోయికా అనగా రెండు ఇండ్లు కలది. ఆగాకరను రైతులు గింజతో కాక దుంపతో పెంచటంలోని మర్మం ఇదే. ఆడ తీగ దుంప నుండి ఆడ తీగే వస్తుంది. పందిరికి కొన్ని మగ తీగలను మాత్రం పుప్పొడి కోసం ఉంచుతారు. దొండను తీగ ముక్కలతో నాటటం కూడా ఇటువంటిదే. బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టుకు శాస్త్రీయ నామం ఇచ్చినది కూడా ఈయనే. దానిలోనూ పండ్లు కాసేది ఆడ చెట్టే.

ఈయన పెట్టిన పేర్లలో కొన్ని నేరుగా తెలుగు నుండి వెళ్ళినవి. సండ్ర చెట్టు పేరులోని సుండ్ర, తంబ చెట్టుకు పెట్టిన తంబుగ్గయా ఇటువంటివే. ఫ్లోరా ఇండికాలో అనేక మొక్కలకు తెలుగు పేరు వెదకి ఇవ్వటం వలన, పద్దెనిమిదవ శతాబ్దం నాటి తెలుగు వృక్షనామాల కోశంగా కూడా ఆ గ్రంథం ఉపకరిస్తుంది.

చివరి రోజులు

ఆరోగ్యం క్షీణించటంతో రాక్స్‌బర్గ్ 1813లో భారతదేశాన్ని విడిచాడు. దారిలో ఆగిన సెయింట్ హెలీనా దీవిలో కూడా మొక్కల జాబితా తయారుచేశాడు. 1815లో ఎడింబరోలో మరణించాడు. అక్కడి గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికలో ఈయన సమాధి ఉంది. ఫ్లోరా ఇండికా వ్రాతప్రతిని కేరీ వద్ద వదిలి వెళ్ళగా, కేరీ, నథానియల్ వాలిచ్ కలిసి 1820, 1824లలో రెండు సంపుటాలు తెచ్చారు. వాలిచ్ చేర్పులు లేకుండా ఈయన వ్రాసినది వ్రాసినట్లుగా మూడు సంపుటాల ముద్రణ 1832లో వెలువడింది. ఈయన వర్ణనలు చాలావాటిని మరణానంతరమే లోకం చదివింది. ఈలోగా ఇతరులు అవే మొక్కలకు వేరే పేర్లు పెట్టి ప్రచురించటం వలన ఈయన పెట్టిన పేర్లు కొన్ని చెల్లకుండా పోయాయి.

మొలక దశలో గుర్తింపు

రాక్స్‌బర్గ్ కాలంలో పూత వచ్చేవరకు ఆగటం తప్ప మరొక మార్గం లేదు. ఆ స్థితి ఇరవయ్యవ శతాబ్దం చివరి వరకు పెద్దగా మారలేదు. బొప్పాయి ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆడ, మగ చెట్లు వేరుగా ఉండే రకాలలో గింజల నుండి రెండూ దాదాపు సమానంగా వస్తాయి. నాటిన మూడు నుండి ఐదు నెలలకు గాని పూత కనబడదు. కనుక రైతు గుంటకు రెండు మూడు మొక్కలు పెట్టి, పూత చూసి మగ మొక్కలను పీకివేసి, పది పదిహేనింటికి ఒకటి చొప్పున ఉంచుతాడు. విత్తనం ఖరీదైన కొద్దీ ఈ పద్ధతి భారమవుతుంది. తైవాన్ రెడ్ లేడీ వంటి రకాలలో మగ మొక్కలు రావు. ఆడ మొక్కలు, ద్విలింగ మొక్కలు వస్తాయి. వీటిలో పొడవైన కాయలు కాసే ద్విలింగ మొక్కకే అంగడిలో గిరాకీ.

బొప్పాయి లింగాన్ని నిర్ణయించేది మనుషులలో వలెనే ఒక క్రోమోసోముల జత. ఆడ మొక్కలో ఎక్స్ క్రోమోసోములు రెండు ఉంటాయి. మగ మొక్కలో ఎక్స్, వై ఉంటాయి. ద్విలింగ మొక్కలో ఎక్స్‌తో పాటు కొద్దిగా తేడా గల మరొక వై ఉంటుంది. రెండూ వై అయిన పిండం బ్రతకదు. ద్విలింగ మొక్క తన పుప్పొడితోనే కాసిన గింజలలో రెండు వంతులు ద్విలింగ మొక్కలు, ఒక వంతు ఆడ మొక్కలు రావటానికి కారణం ఇదే. ఈ వై భాగం పరిణామక్రమంలో ఇటీవలే ఏర్పడినదని 2004లో వెలువడిన పరిశోధన తెలిపింది. వై భాగంలో మాత్రమే ఉండే డీఎన్‌ఏ గుర్తును వెదకటం ద్వారా రెండాకుల మొలక దశలోనే లింగం తెలుసుకోవచ్చు. ఇందుకు గోరంత ఆకు ముక్క చాలు, మొక్కకు హాని లేదు. ఆకును అసలు తుంచకుండా, దానిమీద పరారుణ కాంతిని ప్రసరింపజేసి తిరిగివచ్చే కాంతిలోని తేడాలను గణన యంత్రంతో పోల్చి లింగం చెప్పే పద్ధతులపై కూడా కొన్ని పంటలలో ప్రయోగాలు జరిగాయి. నర్సరీలో వేలకొలది మొలకలను పరీక్షించాలంటే ఖర్చు రీత్యా ఇటువంటి పద్ధతి అనుకూలం. అయితే ఆకు వయసు, నీటి ఎద్దడి, రకం మారితే కాంతిలోని తేడాలు కూడా మారతాయి. డీఎన్‌ఏ గుర్తుకు ఆ ఇబ్బంది లేదు.

తాటిచెట్టుకు బొప్పాయి అంత సులువైన దారి దొరకలేదు. ఆడ, మగ చెట్ల క్రోమోసోములలో సూక్ష్మదర్శినికి కనబడే భేదం లేదు. లింగంతో ముడిపడిన డీఎన్‌ఏ గుర్తుల కొరకు ఇరవై ఒకటవ శతాబ్దం తొలి దశకంలో అన్వేషణ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో తాటి మీద పరిశోధన చేసే ఉద్యాన పరిశోధనా స్థానం రంపచోడవరం సమీపంలోని పందిరిమామిడిలో ఉంది. రాక్స్‌బర్గ్ మిరియపు తీగను చూసిన సామర్లకోట ఉత్తరపు కొండలు ఆ వైపువే.